బంతి లోపలుంటే మీరు బయట

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం సాఫ్ట్‌బాల్‌లో బేస్ అంపైర్ ఎక్కడ నిలబడాలన్న దాని మీదే. ఏళ్ల తరబడి నేను చేసిన పని ఇదే కాబట్టి కొన్నిటికి కాస్త తీరిగ్గానే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: ఇన్నాళ్లూ బేస్‌బాల్‌కు అంపైరింగ్ చేశాను. ఈమధ్యే ఫాస్ట్‌పిచ్ (బంతిని వేగంగా వేసే రకం) సాఫ్ట్‌బాల్‌కు వచ్చాను. మేం ఇద్దరమే అంపైర్లం. ఒకరు బ్యాటర్ నిలబడే ప్లేట్ దగ్గర, నేను బేస్‌ల దగ్గర. ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉన్నప్పుడు అలవాటు కొద్దీ బంతి వేసే పిచర్ వెనక, డైమండ్ (ప్లేట్, మూడు బేస్‌ల మధ్య ఉండే చతురస్రం) లోపల నిలబడ్డాను. తోటి అంపైర్ నన్ను బయటికి వెళ్లమన్నారు. లోపలుంటే అన్ని బేస్‌లూ దగ్గరే కదండీ, బయటికి ఎందుకు?

జవాబు: మీ తోటి అంపైర్ చెప్పిందే సరైనది. బేస్‌బాల్‌లో పెద్దవాళ్ల ఆటకి బేస్‌కూ బేస్‌కూ మధ్య 90 అడుగులుంటే, ఇక్కడ 60 అడుగులే. అంతర్జాతీయ మహిళల ఆటలో పిచర్ 43 అడుగుల నుంచే బంతి వేస్తుంది. ఇంత చిన్న చోటులో మీరూ లోపల నిలబడితే కొట్టిన బంతికి అడ్డం పడతారు. పిచర్ కాకుండా మరే ఇన్‌ఫీల్డర్‌నూ (బేస్‌ల దగ్గరి ఫీల్డర్‌ను) దాటకముందే ఫెయిర్ బంతి, అంటే ఫౌల్ గీతల లోపలి బంతి, మీకు తగిలిందంటే అక్కడికక్కడే డెడ్ బాల్ (ఆట ఆగిపోతుంది), బ్యాటర్‌కు ఫస్ట్ బేస్. షార్ట్‌స్టాప్ (సెకండ్, థర్డ్ బేస్‌ల మధ్య ఫీల్డర్) చేతిలో పడాల్సిన ఔట్ మీ కాలికి తగిలి పోయిందంటే ఆ జట్టుకు ఏం జవాబు చెబుతారు?

దీనికంటే పెద్ద కారణం ఇంకొకటుంది. బేస్‌బాల్‌లో రన్నర్ ముందే నాలుగడుగులు వేసి నిలబడవచ్చు. ఫాస్ట్‌పిచ్‌లో పిచర్ చేతి నుంచి బంతి వదిలేదాకా బేస్ వదలకూడదు. వదిలితే డెడ్ బాల్, రన్నర్ ఔట్. అది చూడాల్సింది మీరే. పిచర్ చెయ్యి, రన్నర్ పాదం రెండూ తల తిప్పకుండా ఒకే చూపులో పడాలి. పిచర్ వెనక నిలబడితే ఒకటి ముందు, ఒకటి పక్కన అయిపోతాయి. అదే డైమండ్ బయటికి వచ్చి సెకండ్ బేస్ ఫీల్డర్ పక్కన నిలబడండి, రెండూ ఎదురుగానే కనిపిస్తాయి. పక్కన అన్నాను, సరిగ్గా వెనక కాదు. వెనక ఉంటే పిచర్ చెయ్యి కనబడదు, పైగా ఫీల్డర్ వెనక్కి అడుగేస్తే మిమ్మల్నే గుద్దుకుంటుంది. మీరు అడ్డంగా ఉన్నారని ఆమె అంటే వెంటనే జరగండి, అందులో చిన్నతనమేమీ లేదు.

రన్నర్ సెకండ్ మీద ఉంటే అవతలి వైపు, షార్ట్‌స్టాప్ పక్కకు వెళ్లండి. బేస్‌లన్నీ ఖాళీగా ఉంటే ఫస్ట్ బేస్ దాటి 18 నుంచి 21 అడుగుల దూరంలో, ఫౌల్ లైన్‌కు బయట, గీతను ఆనుకున్నట్టుగా నిలబడండి. మీ అసోసియేషన్ మాన్యువల్‌లో కొలత కొంచెం తేడాగా ఉంటే దాన్నే పాటించండి.

ఇదంతా బంతిని కొట్టకముందు సంగతి. కొట్టాక నాకు దారి చూపేది ఒకటే సూత్రం: బంతి ఇన్‌ఫీల్డ్‌లో (బేస్‌ల దగ్గర) ఉంటే నేను బయట, బంతి ఔట్‌ఫీల్డ్‌కు (బేస్‌లకు అవతలి మైదానానికి) వెళితే నేను లోపల. ఔట్‌ఫీల్డ్‌లోకి దెబ్బ తగలగానే లోపలికి పది పదిహేను అడుగులు పరిగెత్తి, గిర్రున తిరిగి, బ్యాటర్ ఫస్ట్ బేస్‌ను తొక్కిందో లేదో చూడాలి. అక్కడి నుంచి ఆమెతోపాటు లోపలి వైపునే కదలాలి. త్రో బయటి నుంచి వస్తుంది కాబట్టి మీరు దానికి అడ్డం రారు. బంతి, బేస్, రన్నర్, ఫీల్డర్ నాలుగూ మీ ముందే ఉంటాయి. మీ బేస్‌బాల్ అలవాటు ఇక్కడ చక్కగా పనికొస్తుంది.

ప్రశ్న: ఫస్ట్ బేస్ దగ్గర హోరాహోరీగా ఉన్నప్పుడు బేస్ పక్కకే పరిగెత్తుతాను. అయినా "మీకు కనబడలేదు" అంటారు కోచ్‌లు. ఇంకెంత దగ్గరికి వెళ్లాలి?

జవాబు: వెనక్కి రండమ్మా. ఐదడుగుల్లో ఉంటే పాదం చూస్తే గ్లవ్ కనబడదు, గ్లవ్ చూస్తే పాదం కనబడదు. ఫోర్స్ ఔట్‌కు (రన్నర్‌ను తాకకుండా, బంతి పట్టి బేస్ తొక్కితేనే వచ్చే ఔట్‌కు) 15 నుంచి 18 అడుగులు మంచి దూరం. అంతకన్నా ముఖ్యం కోణం. త్రో వచ్చే దారికి మీ చూపు అడ్డంగా, లంబకోణంలో ఉండాలి. త్రోకు ఎదురుగా నిలబడితే బంతి గ్లవ్‌లో ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియదు.

షార్ట్‌స్టాప్ నుంచి త్రో వస్తోందనుకోండి. గీత అవతల నుంచి ఫెయిర్ వైపు రెండు మూడు అడుగులు లోపలికి రండి. థర్డ్ బేస్ నుంచి అయితే ఇంకాస్త. సెకండ్ బేస్ ఫీల్డర్ నుంచి వస్తుంటే మాత్రం ఫౌల్ వైపే ఉండిపోండి, కోణం అక్కడే దొరుకుతుంది.

చేరాక ఆగాలి. పరిగెడుతూ చూసే కన్నుకు అంతా అదురుతూనే కనిపిస్తుంది. రెండడుగులు తక్కువైనా సరే, బంతి వచ్చేసరికి నిలబడిపోయి ఉండాలి. బంతి చేతి నుంచి బయల్దేరగానే త్రో తిన్నగా ఉందో లేదో చూసి, వెంటనే చూపు బేస్ మీదికి తెచ్చేయండి. పాదాన్ని కంటితో పట్టుకోండి, గ్లవ్‌లో బంతి పడ్డ చప్పుడు చెవితో పట్టుకోండి. ఫీల్డర్ బంతికోసం బాగా సాగినప్పుడు బూటు ముందు కొస బేస్ అంచు నుంచి వెంట్రుకవాసి లేస్తుంది, చూశారా? ఆ సందు పక్క నుంచి చూసేవారికే కనిపిస్తుంది. చెయ్యి ఎత్తేముందు ఒక్క క్షణం ఆగి గ్లవ్‌లో బంతి నిలిచిందో లేదో చూడండి. జారిన బంతికి ఔట్ ఇచ్చి వెనక్కి తీసుకోవడం ఎంత ఇబ్బందో అనుభవించినవారికే తెలుసు.

ప్రశ్న: మా మైదానంలో ఫస్ట్ దగ్గర తెలుపు, నారింజ రంగుల జంట బేస్ వేశారు. నేను నిలబడే చోటు మారుతుందా?

జవాబు: మారదు. పరిగెత్తే బ్యాటర్‌కు నారింజ, ఫీల్డర్‌కు తెలుపు. ఫస్ట్ దగ్గర ప్లే జరుగుతుండగా బ్యాటర్ తెలుపు మాత్రమే తొక్కి, ఆమె వెనక్కి వచ్చేలోపు ఫీల్డింగ్ జట్టు అప్పీల్ చేస్తే, బేస్ తొక్కనట్టే లెక్క, ఔట్. కాబట్టి ఏ రంగు తొక్కిందో గుర్తుంచుకోండి, అప్పీల్ వచ్చేదాకా నోరు మెదపకండి.

ప్రశ్న: స్టీల్ (బంతి కొట్టకుండానే రన్నర్ తర్వాతి బేస్‌కు పరిగెత్తడం) జరిగినప్పుడు సెకండ్ దగ్గర ట్యాగ్ (బంతితో రన్నర్‌ను తాకడం) నాకు ఎప్పుడూ ఫీల్డర్ వీపు చాటునే జరిగిపోతుంది. ఏం చేయాలి?

జవాబు: ట్యాగ్‌కు ఫోర్స్ ఔట్ కన్నా దగ్గరికి, 10 నుంచి 12 అడుగుల్లోకి రావాలి. కోణం ఈసారి త్రోను బట్టి కాదు, రన్నర్ దారిని బట్టి. రన్నర్ వచ్చే గీతకు లంబంగా, బేస్‌కు కొంచెం ఇవతల చూపు నిలపండి. ట్యాగ్ పడేది అక్కడే. జారుతూ వచ్చే కాలికీ దిగే గ్లవ్‌కూ మధ్య ఉన్న ఖాళీ మీకు కనబడాలి. వీపు అడ్డొస్తోందని తెలిసిన క్షణంలోనే పక్కకు ఒక్క అడుగు వేయండి. ఆ ఒక్క అడుగే చాలు, ముందుకు మాత్రం దూకకండి. అప్పటికీ ట్యాగ్ కనబడకపోతే ఊహించి ఔట్ ఇవ్వకండి.

ఇంకో మాట. ఫస్ట్ మీద రన్నర్ ఉండి ఔట్‌ఫీల్డ్‌కు దెబ్బ తగిలితే, ఇద్దరు అంపైర్ల పద్ధతిలో ఆ రన్నర్ కోసం ప్లేట్ అంపైర్ థర్డ్‌కు వస్తారు, వెనకొచ్చే బ్యాటర్ మీ బాధ్యత. "థర్డ్ నాది" అని ఆయన గట్టిగా చెప్పాలి, మీరు విన్నట్టు బదులివ్వాలి. ఈ మాటలు ఆట మొదలవకముందే ఇద్దరూ నిలబడి ఒకసారి అనుకోండి.