వదిన శ్రీమంతానికి మట్టి గాజులు కొనాలి, సైజు ఎలా తెలుసుకోవాలి?

మీ వదిన హైదరాబాద్‌లో ఉన్నారు, మీరేమో వైజాగ్‌లో గాజులు కొని పట్టుకెళ్లాలి, 2-4, 2-6 అంటుంటే ఏది తీసుకోవాలో తెలియట్లేదు, అంతే కదా. మా పెద్దమ్మకి పూర్ణా మార్కెట్ దగ్గర గాజుల కొట్టు ఉండేది, కాలేజీ సెలవులన్నీ నాకు అక్కడే గడిచాయి, అందుకే చెప్తున్నా.

2-4 అంటే 2.4 అంగుళాలు కాదండీ. రెండు అంగుళాలు, పైన పదహారో వంతులు నాలుగు, అంటే రెండుంబావు. 2-8 అంటే రెండున్నర. అది కూడా గాజు లోపలి అడ్డకొలత. స్కేలు పెట్టి 2.4 చూసుకున్నారంటే మీ చేతికొచ్చేది దాదాపు 2-6.

మణికట్టు కొలిచి పంపమని మాత్రం ఆవిడని అడగకండి. గాజు ఇరుక్కునేది అక్కడ కాదు, బొటనవేలి మొదట్లో ఉండే ఎముక దగ్గర. బొటనవేలిని అరచేతిలోకి మడిచి చిటికెనవేలి వైపు బాగా లాగి, చెయ్యి బాగా వెడల్పున్న చోట టేపు చుట్టమనండి, టేపు లేకపోతే దారం చుట్టి స్కేలు మీద పెట్టినా చాలు. సుమారుగా 17 సెంటీమీటర్లు వస్తే 2-2, 18కి 2-4, 19కి 2-6, 20కి 2-8, 21కి 2-10. మధ్యలో వస్తే పై సైజే. రెండు చేతులూ కొలవాలి, పనిచేసే చెయ్యి కాస్త లావుగా ఉంటుంది.

మా పెద్దమ్మ అసలు టేపే ముట్టేది కాదు. చెయ్యి పట్టుకుని కణుపుల దగ్గర ఒక్కసారి నొక్కి, "నీకు రెండుంబావు చాలమ్మా" అనేది, తర్వాత సబ్బు నురగ రాసి ఒక్కో గాజునీ తిప్పుతూ ఎక్కించేది, ఒక్కటీ చిట్లేది కాదు. ఆ చెయ్యి తిరిగినవాళ్లు ఎక్కిస్తేనే బిగుతు సైజు పడుతుంది. ఇంట్లో మనమే తొడగాలంటే అంత సాహసం వద్దు.

పైగా మీ వదినకి ఏడో నెల అంటున్నారు. ఆ నెలల్లో చేతులకి నీరు పట్టడం మామూలే, అందుకని పాత గాజు సైజు చూసి కొనకండి. సాయంత్రం పూట కొలవమనండి, వచ్చినదానికి ఒక సైజు పెంచండి. కాన్పుకి ఆసుపత్రిలో చేరేటప్పుడు గాజులు తీసేయమంటారు, బిగుతుగా ఉంటే పగలగొట్టాల్సిందే, ఆ మాట పెద్దవాళ్ల దగ్గర అనలేం కూడా! పక్కన వెడల్పు కడాలు వేస్తారా, అవి కూడా ఒక సైజు పెద్దవే తీసుకోండి, మట్టి గాజు దూరిన చోట అవి దూరవు.

ముత్తయిదువులకి పంచేవైతే ఎవరినీ కొలవక్కర్లేదు. 2-6 ఎక్కువ, 2-4, 2-8 కొన్ని కలిపి తీసుకోండి. దారం విప్పని డజన్లు మార్చి ఇస్తారేమో కొట్టులో ముందే అడిగేయండి.