టెక్ సందేహాలు: వెండి తీగలకు ఆక్సైడ్ తోడు ఎందుకు?

ప్రశ్న: చిత్తూరులో ఎంటెక్ చదువుతున్నా. వంగే టచ్‌ప్యాడ్ చేయడం నా ప్రాజెక్టు. ఐటీఓ (ఇండియం టిన్ ఆక్సైడ్) పూత ఉన్న ప్లాస్టిక్ షీటును పెన్సిల్‌కు చుట్టి చూస్తే రెసిస్టెన్స్ ఒక్కసారిగా పెరిగిపోయింది. వెండి నానోతీగలకు మారమని మా సార్ అంటున్నారు. అవి నల్లబడతాయేమోనని టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీ షీటు నాసిరకం అనుకోకండి. ఐటీఓలో సుమారు 90 శాతం ఇండియం ఆక్సైడ్, మిగతాది టిన్ ఆక్సైడ్. వెలుగునూ కరెంటునూ రెండింటినీ పోనిస్తుంది కాబట్టే టచ్‌స్క్రీన్లలో అంతగా వాడుతున్నారు. కానీ వేయించిన అప్పళం లాంటిది, వంచితే విరుగుతుంది. సుమారు 2 శాతం సాగితే చాలు, పగుళ్లు మొదలవుతాయి. 125 మైక్రాన్ల షీటును పూత బయటికి ఉండేలా 7 మిల్లీమీటర్ల పెన్సిల్‌కు చుడితే పైపొర 1.8 శాతం దాకా సాగుతుంది. అంటే మీరు అంచు మీదే ఉన్నారు. సగం మందం షీటు తీసుకుంటే ఆ సాగుడూ సగమవుతుంది.

మీ సార్ చెప్పింది మంచి మాట. కళ్లంలో చల్లిన గడ్డిపరకల్లా ఈ తీగలు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడతాయి. పరకల వెంట కరెంటు నడుస్తుంది, సందుల్లోంచి వెలుగు దిగుతుంది, వంచినా అల్లిక తెగదు. మీ టెన్షన్ కూడా న్యాయమైనదే. పూజగదిలో కుంకుమభరిణ నల్లబడేది గాలిలోని గంధకం వల్ల. భరిణకైతే తోమితే పోయే పైపూతే, కింద వెండి బోలెడుంటుంది. వెంట్రుకలో వెయ్యో వంతు మందమైనా లేని తీగకు ఆ కాస్త పోతే ఇంకేం మిగులుతుంది?

అందుకే తీగల మీద జింక్ ఆక్సైడ్ లాంటి పలుచని పూత వేయండి. గాలి తగలనివ్వదు, తీగలు కలిసే చోట్లను గట్టిగా పట్టుకుంటుంది. అందులో కాస్త అల్యూమినియం కలిపితే సందుల్లోకీ కరెంటు పాకుతుంది. ఆశపడి మందంగా వేశారో, మళ్లీ అప్పళమే! కొన్ని పదుల నానోమీటర్లు చాలు. పూతకు ముందు తీగలను బాగా కడగండి. తయారీలో వాటికి అంటుకునే పీవీపీ అనే పాలిమర్ కరెంటుకు అడ్డం. వేడి చేసేటప్పుడు 150 డిగ్రీలు దాటనివ్వకండి, పీఈటీ అనే ప్లాస్టిక్‌తో చేసిన షీటైతే ముడుచుకుపోతుంది.

ప్రశ్న: అలిపిరి మెట్ల మీద ఫోన్ జారి పైగాజు పగిలింది. టచ్ మాత్రం పనిచేస్తోంది. అలాగే వాడొచ్చా? (తిరుపతి నుంచి)

జవాబు: టచ్ పొర గాజు కింద ఉంటుంది, అది బతికింది. పగుళ్లలోంచి చెమట, వాననీళ్లు దిగితే అదీ పోతుంది. ఈరోజే ఫొటోలు, కాంటాక్టులు బ్యాకప్ తీసుకోండి. గాజు మార్పించే దాకా పైన వెడల్పాటి పారదర్శక టేపు అంటించండి, వేళ్లకు గుచ్చుకోదు.