సైనస్ ఉంటే ఆస్తమా కూడా వస్తుందా?
సైనస్ ఉన్న అందరికీ ఆస్తమా రాదు, కానీ రెండూ దగ్గరి చుట్టాలే. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా గాలి దారి ఒక్కటే కాబట్టి పైన వాపు ఉంటే కింద గొట్టాలూ రేగుతాయి, పైగా ముక్కు మూసుకుపోతే నోటితో పీల్చే చల్లగాలి, దుమ్ము నేరుగా లోపలికి పోతాయి. మా పర్లాకిమిడిలో చలికాలం తెల్లవారుజామున కట్టెల పొయ్యి రాజేస్తే అమ్మకు ముందు ముక్కు బిగిసేది, గంటలో ఛాతీలో పిల్లికూతలు. డాక్టర్ చెప్పిన ముక్కు స్ప్రే రోజూ వాడాక ఆయాసం బాగా తగ్గింది. ఇన్‌హేలర్ మాత్రం మానలేదు, మీరూ సొంతంగా మానకండి. ముఖ్యంగా ముక్కులో పాలిప్స్ (లోపల పెరిగే మెత్తటి కండ బుడిపెలు), ఆస్తమా రెండూ ఉంటే ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు కొందరికి ప్రాణం మీదికి తెస్తాయి, డాక్టర్‌ని అడగకుండా దయచేసి వేసుకోకండి.