ఎవరు ఏం చూడొచ్చో ఈఆర్ డయాగ్రమ్ మీదే రాసుకో

ఒరే చిన్నా,

ఆదివారం మారతహళ్ళి వచ్చినప్పుడు క్లినిక్ డేటాబేస్ ఈఆర్ డయాగ్రమ్ (ఏ టేబుళ్ళున్నాయో, ఒకదానికొకటి ఎలా కలుస్తాయో చూపే బొమ్మ) చూపించావు కదా, దాని గురించే రాస్తున్నాను. టేబుళ్ళు, కీలు శుభ్రంగా ఉన్నాయి. ఏది ఎవరు చూడొచ్చో మాత్రం ఎక్కడా లేదు. "అది ఏపీఐ వాళ్ళు చూసుకుంటారు పిన్నీ" అన్నావు. రేపు రిపోర్టుల టీమ్ నేరుగా డేటాబేస్‌కే కనెక్టయితే ఏపీఐలో, అంటే అప్లికేషన్‌కీ డేటాబేస్‌కీ మధ్య ఉన్న పొరలో, పెట్టిన కాపలా ఏం చేస్తుంది?

ఒక కాగితం మీద అడ్డంగా మనుషుల్ని, నిలువుగా సమాచారాన్ని రాసుకో. రిసెప్షన్‌లో అమ్మాయికి పేరు, ఫోన్, అపాయింట్‌మెంట్ చాలు. ల్యాబ్‌కి బిల్లు బాకీతో పనిలేదు. డాక్టర్‌కైనా తన పేషెంట్లే కనబడాలి. గళ్ళు నింపుతుంటే నీ పేషెంట్ టేబుల్ దానంతటదే రెండు మూడు ముక్కలవుతుంది. ఫోన్ నంబరూ హెచ్ఐవీ రిపోర్టూ ఒకే వరుసలో ఎందుకుండాలి? పనిచేసేవాళ్ళని కూర్చోబెట్టి అడుగు. మేనేజర్ని అడిగితే "అందరికీ అన్నీ ఇచ్చెయ్" అంటాడు, వాళ్ళ తీరే అంత.

"తన పేషెంట్లే" అన్నదానికి పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 9.5 వెర్షన్ నుంచి రో లెవెల్ సెక్యూరిటీ ఉంది, అంటే ఎవరికి ఏ వరుసలు కనబడాలో పాలసీలు రాసి డేటాబేస్‌కే చెప్పడం. మెలిక ఏంటంటే, టేబుల్ ఓనర్‌కి ఆ పాలసీలు మామూలుగా వర్తించవు. ఫోర్స్ అని విడిగా చెప్పాలి. అన్ని హక్కులూ ఉన్న సూపర్‌యూజర్‌కైతే అదీ పనిచెయ్యదు. అందుకే అప్లికేషన్‌కి వేరే రోల్, అంటే ఓనరూ సూపర్‌యూజరూ కాని లాగిన్, ఇవ్వు. పైగా డాక్టర్లందరూ కనెక్షన్ పూల్‌లో (తెరిచి ఉంచి అందరూ పంచుకునే కనెక్షన్లు) ఒకే లాగిన్‌తో వస్తారు. ఇప్పుడు అడుగుతున్నది ఏ డాక్టరో ప్రతి ట్రాన్సాక్షన్ మొదట్లో సెట్ లోకల్‌తో చెప్పు, అది ఆ ట్రాన్సాక్షన్ అయ్యేదాకే ఉంటుంది. ఉత్త సెట్ వాడావంటే, ఆ కనెక్షన్ ఇంకొకరికి వెళ్ళినా పాత డాక్టరే అందులో ఉండిపోవచ్చు.

ఆధార్ అసలు దాచాలా అని ముందు అడుగు. తప్పదంటే ఎన్‌క్రిప్ట్ చేసి, వెతకడానికి పక్కన ఇంకో కాలమ్ పెట్టు. 12 అంకెలే కాబట్టి ఉత్త హ్యాష్ (నంబర్‌ని వెనక్కి తిప్పలేని కోడ్‌గా మార్చడం) అయితే అన్ని నంబర్లూ వరసగా వేసి పట్టేస్తారు. సీక్రెట్ కీ కలిపి హ్యాష్ చేసే హెచ్‌మ్యాక్ వాడు, ఆ కీ డేటాబేస్‌లో ఉండకూడదు.

ఎవరు ఏం చేశారో రాసే ఆడిట్ టేబుల్‌లో అప్లికేషన్ రోల్‌కి ఇన్సర్ట్ (కొత్త వరుస చేర్చడం) ఒక్కటే ఇవ్వు. పేషెంట్ సమ్మతి ఎప్పుడు, దేనికి ఇచ్చాడో దానికీ ఒక టేబుల్ కావాలి. 2023 డేటా రక్షణ చట్టంలో భద్రతా లోపానికి జరిమానా 250 కోట్ల దాకా ఉంది, మేనేజర్‌కి ఆ అంకె చెప్పు, ఈ పనికి టైమ్ దొరుకుతుంది.

గళ్ళ కాగితం అయ్యాక ఫోటో తీసి పంపు, చూస్తాను. అందులో నిజం పేషెంట్ పేరు ఒక్కటీ ఉండకూడదు.

మీ పిన్ని