ఉప్పు మైదానంలో బోర్లా పడుకున్న రౌతు

ప్రశ్న: ఒక పాత ఫొటోలో ఒకాయన ఈత నిక్కరుతో మోటార్‌సైకిల్ మీద బోర్లా పడుకొని, కాళ్లు వెనక్కి చాచి దూసుకుపోతున్నారు. ప్రపంచ రికార్డు కోసం అలా నడిపారని దాని కింద రాశారు. ఆయన ఎవరు? బట్టలు విప్పినంత మాత్రాన వేగం పెరుగుతుందా?
— ఒక పాఠకుడు, ఏలూరు

జవాబు: ఆయన అమెరికాకు చెందిన రోలీ ఫ్రీ. 1948 సెప్టెంబరు 13న యూటా రాష్ట్రంలోని బాన్‌విల్ ఉప్పు మైదానంలో, ఇంగ్లండులో తయారైన 998 సీసీ విన్సెంట్ బండి మీద గంటకు 150.313 మైళ్ల వేగాన్ని, అంటే సుమారు 242 కిలోమీటర్లను అందుకున్నారు. అయితే మీరు చూసిన వ్యాఖ్యను సరిదిద్దుకోవాలి. అది అమెరికా జాతీయ రికార్డే గాని ప్రపంచ రికార్డు కాదు. 1937లో బీఎండబ్ల్యూ మీద 279.5 కిలోమీటర్ల వేగంతో వెళ్లిన జర్మన్ రౌతు ఎర్నెస్ట్ హెన్నె పేరనే ప్రపంచ రికార్డు అప్పటికీ ఉంది. హెన్నె బండికి ఇంజన్‌లోకి ఎక్కువ గాలిని నెట్టి శక్తి పెంచే సూపర్‌చార్జరూ, గాలిని చీల్చుకుపోయే తొడుగూ ఉండేవి. ఆ రెండూ లేకుండా సాధించినందువల్ల ఫ్రీ పరుగు నాకు ఎంతో గొప్పదిగా తోస్తుంది.

ఆ పట్టుదల వెనుక పాత పోటీ ఒకటుంది. ఫ్రీ ఒకప్పుడు ‘ఇండియన్’ అనే అమెరికా కంపెనీ మోటార్‌సైకిళ్ల డీలరు. ప్రత్యర్థి సంస్థ హార్లీ డేవిడ్‌సన్ బండి మీద జో పెట్రాలి 1937లో డేటోనా సముద్రతీరంలో నెలకొల్పిన 136.183 మైళ్ల రికార్డును చెరిపేయాలన్న కోరిక ఆయనను పదకొండేళ్లు వదలలేదు.

ఇక బట్టల సంగతి. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. దాన్ని ఎదుర్కోవడానికి ఇంజన్ ఇవ్వవలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వేగం రెట్టింపు కావాలంటే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. చివరి అంచున ఒక్క శాతం వేగానికి సుమారు మూడు శాతం శక్తి కావాలి. ఇంజన్ అంతకు మించి ఇవ్వలేనప్పుడు రౌతు తన శరీరాన్నే గాలికి అడ్డులేకుండా చేసుకోవాలి. అందుకే ఫ్రీ సీటు తీయించి, వెనుక మడ్‌గార్డు మీద పొట్ట ఆనించి పడుకున్నారు. ముందు పరుగులలో తోలు దుస్తులతోనే 150కి చేరువగా వచ్చినా, గాలి ధాటికి అవి అతుకుల దగ్గర చినిగిపోయాయి. చినిగి రెపరెపలాడే బట్ట గాలిని మరింత పట్టి ఆపుతుంది కనుక వాటిని విడిచి, ఈత నిక్కరు, ఈత టోపీ, బూట్లతో మళ్లీ బయలుదేరారు. లాభంలో ఎక్కువ వాటా పడుకోవడానిదే; బట్టల వాటా చిన్నదే అయినా, ఆనాడు ఆయనకు తక్కువపడింది కూడా అంతే. గట్టి గరుకు ఉప్పు మీద పడితే చర్మం మిగలదని తెలిసే ఆ పని చేశారు.

1975లో అదే మైదానంలో డాన్ వెస్కో రెండు యమహా ఇంజన్ల బండితో తొలిసారి 300 మైళ్లు దాటినప్పుడు, రౌతు పూర్తిగా తొడుగు లోపలే ఉన్నారు.