మేస్త్రీ నోట సగం శ్లోకం

నల్లగొండ

తమ్ముడూ,

నీ కథ చదివాను. అచ్చంపేట నుంచి పనికి పోయిన మనిషి బాకీ కూలి అడిగితే, గుంపు మేస్త్రీ ‘కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన’ అని నోరు మూయించే చోట ఒళ్లు మండింది. ఆ శ్లోకాన్ని అట్లా వాడుకునేవాళ్లు ఉంటారు. కానీ ఆ వెంటనే గీత మొత్తం ఇంతేనని నువ్వే తీర్పు చెప్పేశావు. ఫోన్‌లో అడిగితే గీత చదవలేదని, శ్లోకం వాట్సాప్‌లో వచ్చిందని దాచకుండా చెప్పావు. అందుకే ఈ ఉత్తరం.

ఆ శ్లోకానికి రెండో సగం ఉంది. ‘మా కర్మఫలహేతుర్భూర్మా తే సంగోఽస్త్వకర్మణి.’ ఫలం కోసమే పనిచేసేవాడివి కావద్దు, అట్లని పని మానెయ్యడం మీద మోజు పెంచుకోవద్దు అని. ఎవరికి చెప్పిన మాటో కూడా చూడు. యుద్ధభూమిలో విల్లు కింద పడేసి కూలబడ్డ రాజకుమారుడికి చెప్పింది. మూడో అధ్యాయం 13వ శ్లోకంలో, తమ కోసమే వండుకునేవాళ్లు పాపాన్నే తింటున్నారని ఉంది. అక్కడి సందర్భం యజ్ఞం, నిజమే. అయినా ఊరి భజనలో కూర్చుని పెరిగిన నీ కూలిమనిషికి ఆ శ్లోకం తెలిసి ఉంటే మేస్త్రీకి ఏం జవాబిచ్చేవాడు? నాకు ఆ కథ చదవాలని ఉంది.

గీతను వెనకేసుకు రమ్మని నేను చెప్పడం లేదు. తొమ్మిదో అధ్యాయం 32వ శ్లోకం తీసి చూడు. స్త్రీలను, వైశ్యులను, శూద్రులను పాపయోనులతో, అంటే పాపపు పుట్టుక పుట్టినవాళ్లతో, ఒకే వరసలో పెట్టి, వాళ్లు సైతం నన్ను ఆశ్రయిస్తే పరమగతి పొందుతారని ఉంటుంది. పారాయణం చేసేవాళ్లు చాలామంది అక్కడ ఆగకుండా పోతారు. నువ్వు ఆగాలి. కోపం వస్తే రానీ, మూలం ముందు కూర్చుని వచ్చిన కోపాన్ని ఎవరూ తేలిగ్గా తీసిపారెయ్యలేరు.

సంస్కృతం రాదు గదన్నా అన్నావు. 1946లో వచ్చిన ‘శూద్రులెవరు?’ ముందుమాటలో అంబేడ్కర్ సంస్కృతం మీద తనకు పట్టు ఉందని చెప్పుకోలేనని ఒప్పుకున్నారు. అయితే అంతమాత్రాన ఆ విషయం మీద రాసే అర్హత ఎందుకు పోవాలని అడిగారు. ఆ సాహిత్యంలో ఇంగ్లీషులో దొరకనిది చాలా తక్కువ అన్నారు. ఆ అనువాదాల ఆసరాతోనే నాలుగు వర్ణాలు ఎట్లా పుట్టాయో చెప్పే ఋగ్వేదంలోని పురుషసూక్తాన్ని పట్టుకుని మాట మాటా నిలదీశారు. భాష రాకపోవడం నీకూ అడ్డం కాకూడదు.

నీకు మరీ మరీ చెప్పాలనుకున్నది బౌద్ధ తత్వవేత్త నాగార్జునుడి గురించి. మన జిల్లాలో ఆయన పేరెత్తగానే, శూన్యవాదమంటే ఏమీ లేదనడమేగా అని చదువుకున్నవాళ్లు కూడా తేల్చేస్తారు. ఆయన రాసిన మూలమధ్యమకకారికలో 27 ప్రకరణాలున్నాయి. 24వది తెరిచి చూడు. మొదటి ఆరు శ్లోకాలూ ప్రత్యర్థివే. అంతా శూన్యమైతే పుట్టుక లేదు, నాశనం లేదు, దుఃఖం గురించి బుద్ధుడు చెప్పిన నాలుగు ఆర్యసత్యాలు లేవు, ఇక బుద్ధుడెక్కడ, ధర్మమెక్కడ, సంఘమెక్కడ అని నిలదీస్తాడు. మనకు తట్టే అభ్యంతరం కంటే అది గట్టిది. నాగార్జునుడు దాన్ని ఎక్కడా మెత్తబరచలేదు. మొత్తం చెప్పనిచ్చాక జవాబు మొదలుపెట్టాడు. ఒకదాన్ని ఆధారం చేసుకుని ఇంకొకటి పుట్టడాన్నే శూన్యత అంటున్నాను, ఏ వస్తువుకైనా మారని స్వభావం ఉంటే దుఃఖం పుట్టేదెట్లా, పోయేదెట్లా అని తిరిగి అడిగాడు. ఎదుటివాడికి ఎంత చోటివ్వాలో నేను నేర్చుకున్నది ఈ ప్రకరణంలో. నీ మేస్త్రీకి ఆ చోటు దొరకలేదు. అతని వెనక కాంట్రాక్టర్ ఉంటాడు, అడ్వాన్సుల లెక్క ఉంటుంది, ఆ శ్లోకాన్ని అతను నిజంగా నమ్ముతూ ఉండొచ్చు కూడా. అవన్నీ చెప్పనివ్వు.

తర్వాతి కథ పీర్ల పండుగ మీద అన్నావు. దానికి ముందు ఖురాన్ తెలుగు అనువాదం చదువు. అందులో ప్రవక్త మనవడు హుసేన్ నేలకొరిగిన కర్బలా యుద్ధం కథ కనిపించదు. ఆ యుద్ధం జరిగింది 680లో, ప్రవక్త పోయిన 48 ఏళ్లకు. మరి పీర్ల ముందు నిప్పులు వేసే అలాయి గుండం చుట్టూ తిరిగే మన ఊరికి హసన్ హుసేన్‌ల కథ ఏ దారిన వచ్చింది? ఎవరు పాడితే వచ్చింది? ఈ ప్రశ్నలు పుస్తకం చదివినవాడికే పుడతాయి.

చదివే పద్ధతి అంటావా, ఒకరికొకరు పడని ఇద్దరి అనువాదాలు పక్కపక్కన పెట్టుకో. అర్థం కానిచోట గీత గీసి ముందుకు పో, టెన్షన్ పడకు. వ్యాఖ్యానాలు తర్వాత చూద్దువుగాని. పెద్ద పుస్తకమంటే భయమైతే ఈశావాస్య ఉపనిషత్తుతో మొదలుపెట్టు, 18 మంత్రాలే.

కథను ఇప్పుడే తిరగరాయకు. గీత రెండు, మూడు అధ్యాయాలు కలిపి 115 శ్లోకాలు, ఒక్కటీ వదలకుండా చదువు. ఆ తర్వాత మేస్త్రీకీ కూలిమనిషికీ మధ్య మాటలు మాత్రం రాసి పంపు. మిగతాది అప్పుడు మాట్లాడుకుందాం.

ప్రేమతో,
అన్న