రెప్ప సాగిందా, కనుబొమ జారిందా?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. మాది పలాస దగ్గర పల్లె, జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తాను. మూడేళ్లుగా పై రెప్పల చర్మం సాగి కళ్ల మీదకి వాలిపోతోంది. పొద్దున్న లేచేసరికి కళ్లు ఉబ్బి ఉంటాయి. ఎవరు చూసినా ‘ఏడ్చావా, నిద్రపోలేదా’ అనే అడుగుతున్నారు. రెండు నెలల్లో మా అమ్మాయి పెళ్లి. పార్లర్లో సూదితో చర్మం కింద దారాలు వేసి కనుబొమలు ఎత్తుతామంటున్నారు, మా అబ్బాయేమో రెప్పలకి ఆపరేషన్ చేయిద్దామంటున్నాడు. గుండెకని రక్తం పలచబడే మాత్ర వాడుతున్నాను. ఏది మంచిది?
- ఒక సోదరి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: అమ్మా, పొద్దున్నే కళ్లు ఉబ్బుతున్నాయని రాశారు చూశారా, ముందు దాని సంగతి తేల్చుకోండి. మీది ఉద్దానం, అక్కడ కిడ్నీ జబ్బు ఎంతమందికి ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. కిడ్నీలు దెబ్బతిన్నా, థైరాయిడ్ తేడా చేసినా రెప్పలు ఉబ్బుతాయి, అలాంటి ఉబ్బు కత్తితో పోయేది కాదు. మూత్రంలో ప్రోటీన్, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పేది), థైరాయిడ్ పరీక్ష చేయించండి. పలాసలోనే కిడ్నీ ఆసుపత్రి ఉంది కాబట్టి దూరం వెళ్లే పని లేదు. క్రియాటినిన్ ఎక్కువుంటే ఆ మాట కంటి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే ఆపరేషన్ తర్వాత డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మీకు పనికిరావు.

పరీక్షలు బాగుంటే అద్దం ముందు కూర్చోండి. కళ్లు మూసి నుదురు పూర్తిగా వదులు చేసి, మెల్లగా తెరవండి. ఇప్పుడు వేలితో కనుబొమని ఎముక మీదకి కాస్త పైకి ఎత్తి పట్టుకుంటే బరువంతా పోయిందా? అయితే జారింది కనుబొమ. ఎత్తి పట్టుకున్నా రెప్ప మీద చర్మం మడతలు పడి వేలాడుతుంటే చర్మం సాగినట్టు. అలా కాక రెప్ప అంచే కిందికి దిగి నల్లగుడ్డుని కప్పేస్తుంటే రెప్పని లేపే కండరం బలహీనపడి ఉండొచ్చు, దాన్ని టోసిస్ అంటారు, దాని ఆపరేషన్ వేరు. చాలామందికి రెండేసి కలిసే ఉంటాయి. ఇది మీ అవగాహన కోసమే, తేల్చాల్సింది డాక్టరే.

సాగిన చర్మానికి చేసేది బ్లెఫరోప్లాస్టీ. రెప్ప మడతలోనే కోసి మిగులు చర్మం తీస్తారు, మచ్చ ఆ మడతలో కలిసిపోతుంది. సాధారణంగా అక్కడికే మత్తు ఇచ్చి చేస్తారు, వారం లోపు కుట్లు తీస్తారు. కనుబొమ జారి ఉన్నా చూసుకోకుండా రెప్ప చర్మం మాత్రమే కోసేస్తే బొమ ఇంకా కిందికి దిగుతుంది, మళ్లీ కోయడానికి చర్మం మిగలదు, చివరికి కళ్లు పూర్తిగా మూసుకోక ఎండిపోతాయి. అందుకే బొమకీ రెప్ప వెంట్రుకలకీ మధ్య దాదాపు 20 మిల్లీమీటర్ల చర్మం ఉంచుతారు. మీ డాక్టరు కనుబొమ సంగతి ఎత్తకపోతే మీరే అడగండి. బొమ ఎత్తడానికి బొమ పైన కోసేది, కణత దగ్గర కోసేది, తలలో చిన్న రంధ్రాల గుండా చేసేది, ఇలా చాలా పద్ధతులున్నాయి.

పార్లర్ దారాలు వద్దు. అవి నిలిచేవి కావు, రెప్ప చర్మం వాటితో తగ్గదు, కంటి పక్కన సూది పార్లర్లో పడకూడదు.

ఇక పెళ్లి. నా మాట వింటే పెళ్లయ్యాకే చేయించుకోండి తల్లీ. వాపు, కమిలిన రంగు రెండు వారాలు ఉంటాయి, మచ్చ ఎరుపు కొన్ని నెలలు పట్టొచ్చు, వంగకూడదు, బరువులెత్తకూడదు, పెళ్లింట్లో అది మీవల్ల అవుతుందా? గుండె మాత్ర మీ అంతట మీరు ఆపొద్దు, గుండె డాక్టరూ కంటి డాక్టరూ మాట్లాడుకోవాలి. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటుంటే మానేయండి, లేకపోతే ఆపరేషన్ పుండు త్వరగా మానదు. విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, ఓక్యులోప్లాస్టీ డాక్టరు, అంటే రెప్పల ఆపరేషన్లు చేసే కంటి డాక్టరు ఎవరో అక్కడ అడగండి. ఆపరేషన్ తర్వాత ఒక కంట్లో విపరీతమైన నొప్పి వచ్చి చూపు తగ్గితే తెల్లారేదాకా ఆగొద్దు, అప్పటికప్పుడే వెళ్లిపోవాలి.

ప్రశ్న: మా బాబుకి మూడేళ్లు, పుట్టినప్పటి నుంచి ఒక రెప్ప సగం వాలి ఉంటుంది. పెద్దయ్యాక అందం కోసం చేయిద్దామా?
- ఒక తండ్రి, బొబ్బిలి

జవాబు: ఆగొద్దు బాబూ. వాలిన రెప్ప చూపుకి అడ్డుపడితే ఆ కన్ను సోమరి కన్ను అయిపోతుంది, అంటే దాని చూపు సరిగ్గా ఎదగదు, వయసు గడిచేకొద్దీ చూపు తెప్పించడం కష్టం. ఈ వారమే పిల్లల కంటి డాక్టరుకి చూపించండి. ఒకవేళ గెడ్డం పైకెత్తి చూడటం అలవాటైతే ఆ సంగతి కూడా చెప్పండి.